అడుగు కట్టని బావి

ఆదివారం తొమ్మిదింటికి యాత్ర. పాక్ ప్రవోతో, అంటే ప్రవోతో అయ్యగారు, ఏడింటికే ఇస్త్రీ చేసిన బాటిక్ చొక్కా తొడుక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తాను ఎవరికీ కనిపించడనీ, తెరమీద తిరిగేది బొమ్మ మాత్రమేననీ ఆయనకు తెలుసు. అయినా వచ్చేవాళ్లు పెద్దలు.

తమ దీవిలోని నాలుగు వందల ఏళ్లనాటి కోటగెడే నగరాన్ని ఆయన మూడేళ్లుగా అంతర్జాలంలో ఇటుక ఇటుకగా కట్టాడు. ముప్ఫై నాలుగేళ్లు చరిత్ర పాఠం చెప్పిన మనిషి. ఆధారం లేకుండా గోడలో గూడు కూడా పెట్టలేదు. ఈ వేళ వారసత్వ సంఘం సభ్యులు పందొమ్మిది మంది చూసి ఒప్పుకుంటే నగరం మ్యూజియం సంరక్షణలో నిలుస్తుంది. లేకపోతే నెలాఖరుకు చెరిపేస్తారు.

చిక్కల్లా సంఘాధ్యక్షుడు పాక్ దానుకుసుమోతో. రాజప్రాసాదపు బావిలోంచి జానపద కథల్లోని దక్షిణ సముద్రపు రాణి కోటకు సొరంగం ఉందని ఆ ఎనభై రెండేళ్ల పెద్దమనిషి నమ్మకం. దాన్ని చూపించమని మూడు ఉత్తరాలు రాశాడు. ప్రవోతో మూడింటికీ అధస్సూచికలతో సహా జవాబిచ్చాడు. చాలదన్నట్లు బావి పక్కన పలక కూడా పాతాడు: "సొరంగం ఉందనడానికి ఆధారం లేదు."

"ఇవాళొక్క రోజు ఆ పలక పీకేస్తే ఏం పోతుంది?" అంది భార్య సుమిని, వేయించిన టెంపే సోయా ముక్కల పళ్లెం పక్కన పెడుతూ.

"సత్యం పోతుంది."

"అదెక్కడికీ పోదు లెండి. పోయేది మీ మూడేళ్లు."

తొమ్మిదింటికి పందొమ్మిది బొమ్మలూ ప్రాసాద ప్రాంగణంలో, బావి దగ్గర నిలిచాయి. ఎవరి పేరు పక్కనైనా 'వెంట నడువు' మీట నొక్కితే, మన బొమ్మ తనంతట తానే వాళ్ల వెనక నడుస్తుంది. ముందే చెప్పినట్లు అందరూ ప్రవోతో పేరు పక్కన నొక్కారు. అధ్యక్షుడికి వీపు చూపించి నడవడానికి మాత్రం ప్రవోతోకు మనసొప్పలేదు. ఆయన అధ్యక్షుడి పేరు పక్కన నొక్కాడు.

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడవాలని బావి చుట్టూ తిరగసాగారు. మిగిలిన పద్దెనిమిది మందీ వెనక బారు తీరారు.

"క్షమించాలి, చిన్న పొరపాటు. ఎవరైనా మీట వదలండి," అన్నాడు ప్రవోతో. ఆయన మైకు ఆపి ఉంది. గొంతు వినబడటం లేదని పెద్దమనిషి ముఖాన చెప్పడం మర్యాద కాదు గనుక, అందరూ తలలూపారు.

"ప్రదక్షిణ చేయిస్తున్నారు," అని గుసగుసలాడింది ఉపాధ్యక్షురాలు బు రెత్నో, అంటే రెత్నో అమ్మగారు. "ఏడు చుట్లేమో!"

"మాట్లాడకమ్మా. ఆయనే గొంతు పైకి తీయటం లేదు," అన్నాడు దానుకుసుమో.

పదకొండో చుట్టులో ప్రవోతో తానే మీట వదిలి ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక బావి ఉంది.

బావి లోతు ఏ పత్రంలోనూ దొరకలేదు. ఊహించి అడుగు కడితే అబద్ధమవుతుందని ఆయన అసలు కట్టనేలేదు. ఆయన పడ్డాడు. ఆయన వెంట నడిచేవాళ్లూ పడ్డారు.

"ముందు మీరు, పాక్!" అన్నారొకరు గట్టు మీంచి జారుతూ.

"అయ్యో, మీరే ముందు!"

"ఆకుపచ్చ కట్టుకుని రాణిగారి దగ్గరికి పోకూడదంటారే, నేనివాళ ఆకుపచ్చే వేసుకొచ్చాను!"

"ఇప్పుడు మార్చుకునే వీల్లేదు బు రెత్నో, రండి!"

కింద నేల లేదు. నీలి వెలుగు, పైన గాలిలో వేలాడే నగరపు పునాదులు, అంతే. ఇరవై మందీ అందులో తేలారు. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"మా అవ్వ చెప్పింది ఇదే," అన్నాడు దానుకుసుమో.

"కాదండీ! అది ఉత్త ఖాళీ!" అని అరిచాడు ప్రవోతో.

సుమిని తెరవైపు వంగింది. "ఆ మైకు గుర్తు మీద ఎర్రగీత ఏమిటి?"

ప్రవోతో దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. నొక్కాడు.

"మిత్రులారా, ఇది లోపం. నేను కట్టని చోటు."

"నిజమే," అన్నాడు దానుకుసుమో భక్తిగా. "దీన్ని మనుషులు కట్టలేదు. మీరు లేదని పలక పెట్టి, తగినవాళ్లకు మాత్రం చూపించారు. ఆ పలక ఎందుకో ఇప్పటికి అర్థమైంది."

అక్కడే, నీళ్లు లేని ఆ నీలిమలో, తీర్మానం నెగ్గింది. నగరం నిలుస్తుంది. దేన్నీ మార్చకూడదు. ప్రతి ఆదివారం యాత్ర బావి మీదుగానే జరగాలి. నడిపేది పాక్ ప్రవోతో. "మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగాడు అధ్యక్షుడు.

అభ్యంతరాలు పదకొండు దాకా, వరుస సంఖ్యలతో సహా, ప్రవోతో నాలుక చివర ఉన్నాయి. ఆయన పైకి చూశాడు. తన మూడేళ్లు తలపైన వేలాడుతున్నాయి. సుమిని ఒక టెంపే ముక్క తీసి ఆయన నోట్లో పెట్టింది.

మౌనాన్ని అంగీకారంగా రాసుకున్నారు.

మధ్యాహ్నం ఆయన పలక దగ్గరికి వెళ్లాడు. "ఆధారం లేదు" అన్న మాటను అలాగే ఉంచి, దాని కింద ఇంకో పంక్తి చేర్చాడు: "పెద్దలు ముందు దిగవలెను."