పసుపు రాసిన సాళ్ళు

ఆ ఉదయానికి వరప్రసాదరావు చేతిలో ఉన్నవి మూడు: జగ్గయ్యపేట దగ్గర కొండ మొదట్లో రెండు వందల సుబాబుల్ చెట్లు, నందిగామలో పూజాసామగ్రి దుకాణం, చెట్లు కొట్టే నాసర్ మేస్త్రీ ఇచ్చిన ఒక్కరోజు. మర్నాడు నాసర్ ముఠా తోట కొట్టి మైలవరం వెళ్ళిపోతుంది, మళ్ళీ నెలదాకా రాదు.

పోయిన వేసవిలో కొండమీది మంట గట్టుదాకా వచ్చి ఆగింది. సాలు విడిచి సాలు కొట్టి, ఎండుటాకు ఊడ్చేయకపోతే ఈసారి తోట దక్కదని అటవీ గార్డు చెప్పి వెళ్ళాడు. నరకాల్సిన చెట్లకు గుర్తు పెడదామంటే డబ్బాలో రంగు గడ్డకట్టింది. కొత్తది కొనడం వ్యాపారం కాదు. దుకాణంలో అమ్ముడుపోని పసుపూ కుంకుమా నీళ్ళలో కలిపి, సాలు విడిచి సాలు, చెట్టుకొకటి చొప్పున గుర్తులు పెట్టేశాడు.

మర్నాడు వెళ్ళేసరికి ముఠా అంతా గట్టుమీదే కూర్చుని ఉంది.

"ఏం నాసర్, ఇంకా మొదలెట్టలేదే?"

"ఎట్టా మొదలెట్టేదండీ? పసుపు రాసి బొట్టు పెట్టిన చెట్టు మీద గొడ్డలేస్తే, రేపు ఈ చుట్టుపక్కల నాకు పనెవరిస్తారు?"

"అది బొట్టు కాదయ్యా, గుర్తు!"

"ఆ మాట మా వాళ్ళతో చెప్పండి. చెప్పులు కూడా విప్పేశారు."

వరప్రసాదరావు తువ్వాలు తడిపి తుడవబోయాడు. అంతలో గడ్డికి వచ్చిన రత్తమ్మ కేకేసింది. ఊరందరికీ ఆమె పిన్నే.

"ప్రసాదూ! బొట్టు చెరుపుతున్నావేంట్రా?"

"చెరపట్లా పిన్నీ, సరిచేస్తున్నా" అన్నాడు కంగారుగా.

ఆ ఒక్క మాటతో తోటలో అమ్మవారు వెలిసిందని ఊరంతా తెలిసిపోయింది. గంటలో ముప్పైమంది ఆడవాళ్ళు పొంగలి గిన్నెలతో దిగారు. ఒకామె ఎండుటాకుల మధ్యే అగ్గిపుల్ల తీసింది. వరప్రసాదరావు అడ్డంగా పరుగెత్తాడు.

"నిప్పొద్దమ్మా! కాలేది చెట్టు కాదు, తోటంతా!"

"నిజమే. అమ్మవారి చోటు ఇంత చెత్తగానా ఉంచేది? పట్టండే చీపుళ్ళు!" అంది రత్తమ్మ.

మధ్యాహ్నానికి తోటలో ఆకు లేదు, పుల్ల లేదు. అంతా గట్టవతల, బోరు పక్కన, పొంగళ్ళ కింద కాలిపోయింది. దుకాణం నుంచి భార్య రోజారమణి ఫోన్ చేసింది.

"ఏమండీ, కొబ్బరికాయలు అయిపోయినయ్. అందరూ మన తోటకేనంట. ఏం జరుగుతోందక్కడ?"

"తర్వాత చెప్తా. ముందు ఇంకో బస్తా తెప్పించు."

నాసర్ గొడ్డలి భుజానేసుకున్నాడు. "మేం పోతామండీ. మైలవరం పని ఆగదు."

పొంగలి తింటున్న వరప్రసాదరావు తోటవైపు చూశాడు. ఒక సాలుకు బొట్టుంది, పక్క సాలుకు లేదు. చివరిదాకా అంతే. ఆకు కింద పెట్టి లేచాడు.

"నాసర్, బొట్టు లేనివి కొట్టు!"

"అవి ఉంచమన్నవి గదండీ?"

"సాలు విడిచి సాలే గదయ్యా. ఏ సాలైతే నీకేం?"

"కొట్టండి నాయనా, అమ్మకి గాలాడాల" అంది రత్తమ్మ.

సాయంత్రానికి తోట సగమైంది. మరుసటి నెలలో కొండ అంటుకుంది. మంట గట్టుదాకా దిగి, తినడానికేమీ దొరక్క చల్లారిపోయింది.

చివరి లెక్కకు వరప్రసాదరావుకు వంద చెట్లు మిగిలాయి. వాటిని నరికే హక్కు తప్ప అన్నీ ఆయనవే.