ఊళ్లోకెల్లా ప్రమాదకరమైన మాస్టారు

ఊరికి పొంచి ఉన్న ప్రమాదం ఎవరో బీమా కంపెనీవారు ఎట్టకేలకు కనిపెట్టారని పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. జనం ఇన్నాళ్లూ మలుపులకీ, బ్రేకుల్లేని లారీలకీ, ఫోను మాట్లాడుతూ బండి నడిపేవాళ్లకీ భయపడుతూ అమాయకంగా కాలం గడిపారు. అసలు ప్రమాదం డ్రైవింగు స్కూలు మాస్టారి రూపంలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని తమ మధ్యనే తిరుగుతోందని ఎవరికీ తోచలేదు. మాస్టారికి కూడా తోచలేదు. కంపెనీవారి కాగితం వచ్చిన ఆ పొద్దున ఆయన తన మానాన తాను స్కూలు కారు అద్దాలు తుడుచుకుంటున్నారు.

మాస్టారు సగం ఊరికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి. ఇంటి ముందుగదే స్కూలు. అందులో ఒక నల్లబల్ల, దాని మీద సుద్దతో వేసిన కూడలి బొమ్మ, ఒక చెక్కకి బిగించిన క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు పెడళ్లు. కొత్తగా చేరినవాళ్లు ముందు ఆ చెక్క మీద కాళ్లాడించాలి, ఆ తర్వాతే కారెక్కాలి. కారులో మాస్టారు కూర్చునే వైపు కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్లు భయపడి కళ్లు మూసుకున్నప్పుడు కారుని ఆపేవి అవే. ఆ కారు ఒంటి మీద ఒక్క గీత పడకుండానే ముసలిదైపోయింది.

ఆ ఏడాది కట్టాల్సిన ప్రీమియం చూసి, కంపెనీవారు పొరపాటున తమ ఫోను నంబరు అచ్చేశారనుకున్నారు మాస్టారు. ఆ నంబరుకి ఫోను చేసి కూడా చూశారు. ఎవరూ ఎత్తలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు గానీ అంకె తగ్గలేదు. అది కట్టకపోతే కారు రోడ్డెక్కకూడదు. కారు రోడ్డెక్కకపోతే స్కూలు మూసుకోవాలి. స్కూలు మూసుకుంటే మాస్టారికి వేరే పనేదీ రాదు.

మేడ మీద గదిలో ఉండే బావమరిది అప్పుడే దిగి వచ్చాడు. వీధిలో అతన్ని అందరూ రివర్సు అంటారు. ఎందుకంటారో ఆ వీధిలో ప్రహరీగోడ ఉన్నవాళ్లందరికీ తెలుసు. అతను ఆగి ఉన్న ఫైరింజనుని గుద్దాడు. పార్కు గోడని ఒకసారి బయటి నుంచి, ఇంకోసారి లోపలి నుంచి గుద్దాడు. కూడలిలో పోలీసాయన నిలబడే గొడుగుని ఒకనాడు బంపరుకి తగిలించుకుని ఇంటిదాకా తెచ్చాడు. అతని చేతిలోనూ కంపెనీ కాగితమే ఉంది.

"బావా, నాది ఈసారి కూడా తగ్గించారు. నేనంటే వాళ్లకెందుకో ముచ్చట," అన్నాడు.

మాస్టారు ఆ కాగితం లాక్కుని చూశారు. తన అంకె పక్కన పెడితే అది చిల్లర. ఆయన చొక్కా మార్చుకోకుండానే కంపెనీ ఆఫీసుకి బయల్దేరారు.

కంపెనీలో రిస్కు అధికారిగారు స్వయంగా మాస్టారికి కుర్చీ చూపించి, ఆ కుర్చీని మాత్రం తన బల్లకి కాస్త దూరంగా జరిపించారు. ఆయన మహా విద్యావంతుడు. కారు నడపడం రాదు గానీ, కారు నడిపేవాళ్ల గురించి ఆయనకి తెలియని సంగతి లేదు.

"చూడండి మాస్టారూ, మీరు ఎలా నడుపుతారన్నది పాతకాలపు ప్రశ్న. దాన్ని మేం ఎప్పుడో వదిలేశాం. మీరెవరన్నదే మాకు కావాలి. మీ వృత్తి చూడండి. బుద్ధి ఉన్నవాడెవడైనా డ్రైవింగు రానివాళ్ల పక్కన రోజూ కావాలని కూర్చుంటాడా? మీకు అప్పుల్లేవు. అప్పే లేని మనిషి మాట మీద నిలబడతాడో లేదో మాకెలా తెలుస్తుంది? షరతులన్నీ చివరిదాకా చదివి సంతకం పెట్టారట. మా ఖాతాదారుల్లో ఆ పని చేసింది మీరొక్కరే. అన్ని షరతులు ఊరికే ఎవరు చదువుతారు, మనసులో ఏదో ఉంటే తప్ప?"

ఇల్లు ఒకటే అయినా దానికి గుమ్మాలు రెండు. మాస్టారి గుమ్మం తెరుచుకునేది దొంగలెక్కువ ఉన్నారని కంపెనీ లెక్కల్లో పడ్డ వీధిలోకి. రివర్సు వాడే మేడమెట్లు దిగేది వెనక వీధిలోకి, అక్కడంతా యోగ్యులు. ఈ సంగతి కూడా అధికారిగారు ఓపిగ్గా వివరించారు.

"అయ్యా, నేనింతవరకు ఒక్క ప్రమాదం కూడా చెయ్యలేదు," అన్నారు మాస్టారు.

"మా భయమంతా దాని గురించేనండీ. ఇన్నేళ్లలో ఒక్కటీ జరగలేదంటే ఇంకా జరగాల్సి ఉందనేగా అర్థం. రోజులు గడిచేకొద్దీ అది దగ్గరికొస్తోంది. మీ బావమరిదిగారితో ఆ బాధ లేదు. ఆయనవి చాలావరకు అయిపోయాయి."

మాస్టారు లేచి ఇంటిదారి పట్టారు. ఈ లెక్కలో తప్పెక్కడుందో పట్టుకుందామని దారంతా ఆలోచించారు. ఆలోచిస్తూ కూడా ప్రతి మలుపులోనూ ఇండికేటరు వేశారు.

ప్రజలకి మేలు చేద్దామనే సదుద్దేశంతో కంపెనీవారు ఎవరి ప్రీమియం ఎంతో తమ వెబ్‌సైటులో పెట్టేశారు. సాయంత్రానికి వీధి వీధంతా చూసింది. పెద్దాసుపత్రి నర్సు ఒకావిడకి మాస్టారే డ్రైవింగు నేర్పారు. ఆయన పాలప్యాకెట్టు కోసం నడిచి వెళ్తుంటే ఆవిడ ఎదురుపడి, కూతురి చెయ్యి పట్టుకుని గబగబా అవతలి పక్కకి దాటేసింది. ఆయన దగ్గర కారు లేదని, చేతిలో ఉన్నది సంచి అని ఆవిడకి కనబడుతూనే ఉంది. మాస్టారికి చెప్పలేనంత సిగ్గేసింది. ఏ తప్పూ చెయ్యని మనిషికి సిగ్గెందుకు వెయ్యాలో తెలియక ఆ సిగ్గు ఇంకా ఎక్కువైంది.

స్కూల్లో చేరినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. మూడో గేరు దాకా వచ్చిన బ్యాంకు క్లర్కు, నాలుగోది ఇంకెక్కడైనా నేర్చుకుంటానని మర్యాదగా చెప్పి వెళ్లాడు. చెక్క మీది పెడళ్లకి దుమ్ము పట్టింది. ఇంట్లో కూడా గాలి మారింది. మాస్టారి భార్య అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె ఆపింది.

"ఏమండీ, నాతో దాచకండి. బయటెక్కడైనా ఏమైనా చేశారా?"

"ఏం చేస్తాను? పొద్దున లేస్తే నీ కళ్లెదుటే కదా ఉంటాను."

"అది నిజమేలెండి. కానీ అంత పెద్ద కంపెనీ, అన్ని కంప్యూటర్లు. వాళ్లకి మీ మీద పగేముంది? ఊరికే వేస్తారా అంత?"

"ఇన్నేళ్లు కాపురం చేశావు. నీకు తెలియదా నేనెలాంటివాడినో?"

"నాకు తెలిసిందెంతలెండి," అని ఆవిడ నిజాయితీగా ఒప్పుకుంది. మాస్టారు లేచి చెయ్యి కడిగేసుకున్నారు.

ఈ దశలో కుటుంబ గౌరవాన్ని కాపాడే బాధ్యత రివర్సు నెత్తినేసుకున్నాడు. ఊళ్లోకెల్లా తక్కువ ప్రీమియం కట్టేవాళ్లలో ఒకడు కాబట్టి అతని మాటకి ఇంట్లో ఈమధ్య విలువ పెరిగింది. ముందుగా మాస్టారి వృత్తి మార్చాడు. సంగీతం మాస్టారని రాస్తే, వాయిద్యాలు మోసుకుని రాత్రుళ్లు తిరుగుతారని అంకె ఇంకా పెరిగింది. చలన విద్యా సలహాదారు అని రాస్తే తగ్గింది. సలహాదారులు గదిలోంచి కదలరని కంపెనీకి గట్టి నమ్మకం. తర్వాత ముందు గుమ్మానికి అడ్డంగా చెక్కలు కొట్టి, చిరునామా వెనక వీధికి మార్చారు. ఆ రోజు నుంచి ఇంటికొచ్చినవాళ్లు వంటింట్లోంచి, పొయ్యి పక్కగా ఒత్తిగిలి లోపలికి రావాల్సి వచ్చింది. అవసరం లేకపోయినా మాస్టారు ఒక ఫ్రిజ్జు వాయిదాల మీద కొన్నారు. పాత ఫ్రిజ్జు బాగానే ఉంది కాబట్టి కొత్తదాన్లో చెప్పులు పెట్టుకున్నారు.

భార్యని రెండో డ్రైవరుగా చేర్చడంతో అంకె మరికాస్త దిగింది. ఆవిడ పుట్టి బుద్ధెరిగి స్టీరింగు ముట్టుకోలేదు, ఒక్క ప్రమాదమూ చెయ్యలేదు.

"నేనూ చెయ్యలేదు కదండీ," అన్నారు మాస్టారు ఫోనులో.

"ఆవిడ నడపలేదు కాబట్టి చెయ్యలేదు. మీరు నడిపి కూడా చెయ్యలేదు. రెండూ ఒకటి కాదు," అన్నారు అధికారిగారు.

ఇంత చేసినా, కట్టగలిగినంత దూరానికి అంకె దిగి రాలేదు. ఎక్కడ పట్టేసిందో చివరికి రివర్సే కనిపెట్టాడు. కారు నడిపేది మాస్టారని రాసినంతకాలం అది దిగదు. నడిపేది, నేర్పేది రివర్సు అని రాసి, మాస్టారి పేరెదురుగా అప్పుడప్పుడు కారు చుట్టుపక్కల కనిపించే వ్యక్తి అని రాశారు. ప్రీమియం ఒక్కసారిగా అందరిలాగే మర్యాదగా తయారైంది. మాస్టారు సంతకం పెట్టేముందు పెన్ను చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. షరతులు మాత్రం ఈసారి చదవలేదు.

స్కూలు బోర్డు మీద మాస్టారి పేరు చెరిపేసి, రివర్సు ప్రీమియం ఎంతో పెద్దక్షరాల్లో రాయించారు. వెళ్లిపోయినవాళ్లంతా తిరిగొచ్చారు. ఇదివరకు ఎవరూ రాని ఊళ్ల నుంచి కూడా వచ్చారు. వంటింట్లో పొయ్యి పక్కన వరస కట్టి నిలబడ్డ జనానికి రివర్సు తొలి ఉపన్యాసం ఇచ్చాడు.

"బ్రేకు గురించి మా బావ మీకు లేనిపోని భయాలు పెట్టాడు. అద్దంలో వెనక్కి చూడమన్నాడు. వెనకున్నవాడు తన సంగతి తను చూసుకోడా? మనిషికి కావాల్సింది ధైర్యం. నేను ఇన్ని గుద్దాను, నాకేమైంది? ప్రీమియం తగ్గింది."

జనం చప్పట్లు కొట్టారు. నర్సు తన మేనల్లుణ్ణి తీసుకొచ్చి చేర్పించింది. మాస్టారి భార్య తమ్ముణ్ణి చూసి మురిసిపోయి, ఆ పూట అతనికి రెండుసార్లు కాఫీ ఇచ్చింది. మాస్టారికి ఇక చెయ్యడానికేమీ లేక, వసారాలో స్టూలేసుకుని ఎదురుగా వెళ్తున్న స్కూలు కారుని చూస్తూ కూర్చునేవారు. కారు గేరు మార్చిన ప్రతిసారీ ఆయన ఎడమకాలు గాల్లో క్లచ్చి తొక్కేది. కారు ఒంటి మీద మొదటి గీత పడ్డ రోజున ఆయన ఇల్లు చుట్టి వంటింట్లోంచి లోపలికెళ్లి తలుపేసుకున్నారు. తర్వాత పడ్డవి లెక్కపెట్టడం మానేశారు.

ఒక సాయంత్రం నర్సు మేనల్లుడు కారుని వీధి చివర తిప్పి, ఇంటివైపు తెచ్చాడు. రివర్సు పక్కసీట్లో కూర్చుని ధైర్యం గురించి చెబుతున్నాడు. అతని కాళ్ల దగ్గరున్న బ్రేకు అక్కడే ఉంది గానీ, కాళ్లు సీటు మీద మఠం వేసుకుని ఉన్నాయి. కారు గేటు దాటింది, మొక్కలు దాటింది, మెట్టెక్కి వసారాలోకొచ్చింది. ముందు గుమ్మానికి చెక్కలు కొట్టేసి ఉన్నాయి కాబట్టి మాస్టారు ఇంట్లోకి పరుగెత్తడానికి దారి లేదు. ఆయన గోడకి అంటుకుపోయి, లేని బ్రేకుని కుడికాలితోనూ, లేని క్లచ్చిని ముందుకి చాచిన ఎడమకాలితోనూ బలంకొద్దీ తొక్కారు. ఆ కాలే విరిగింది.

అధికారిగారు స్వయంగా విచారణకి వచ్చారు. విరిగిన వసారానీ, విరిగిన స్టూలునీ, రాసిన కాగితాలనీ పరిశీలించి, వీధి జనం ఎదుట నిలబడి మాట్లాడారు.

"మిత్రులారా, ఈ మాస్టారికి ప్రమాదం పొంచి ఉందని మా కంపెనీ ముందే చెప్పింది. అప్పుడు మమ్మల్ని అనుమానించినవాళ్లున్నారు. ఇవాళ ఏమైందో మీరే చూస్తున్నారు. ఇన్నేళ్లుగా రావాల్సిన ప్రమాదం ఆయన్ని వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది. మా లెక్కకి ఇంతకంటే సాక్ష్యం కావాలా?"

వద్దన్నారు జనం. కారు వసారాలోకి రావడం కళ్లారా చూసినవాళ్లే, అసలు మాస్టారికి ఆ సమయంలో తన వసారాలో ఏం పని అని ఒకరినొకరు అడిగారు. అంత యోగ్యుడై ఉండి ఇంత దగ్గర్నుంచి ప్రమాదాన్ని చూడాల్సి వచ్చినందుకు రివర్సుకి సానుభూతి కింద ప్రీమియం మరికాస్త తగ్గించారు. మాస్టారు అప్పుడప్పుడు కారు చుట్టుపక్కల కనిపించే వ్యక్తి మాత్రమేనని కాగితంలో రాసి ఉంది కాబట్టి వైద్యం ఖర్చు ఆయనే పెట్టుకోవాలని తేలింది. ఆయన పేరున పెరిగిన ప్రీమియం గురించి విడిగా ఉత్తరం వస్తుందన్నారు.

ఆసుపత్రిలో మాస్టారిని చూడ్డానికి చాలామందే వచ్చారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు, మానేసినవాళ్లు, పళ్లు పట్టుకొచ్చినవాళ్లు. కట్టుకట్టిన కాలు పైకి వేలాడుతుంటే దాని పక్కగా తప్పుకుని, మంచం మీదకి వంగి, గొంతు తగ్గించి అడిగారు.

"ఇంతకీ కొత్తది ఎంత వేశారు మాస్టారూ?"

భార్య కూడా చెవి ఇటే వేసి ఉండడం గమనించి మాస్టారు మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి.

ఆ అంకె ఎంతో మేం ఈ కథలో ఎక్కడా చెప్పలేదు. పాఠకులు సంస్కారవంతులని, అడిగితే గిడితే మాస్టారి కాలు అతుక్కుందా అని అడుగుతారని మా నమ్మకం. కానీ తమరు రెండో పేరా దాటినప్పటి నుంచీ వెతుకుతున్నది ఆ అంకె కోసమే. ఆయన కాలి సంగతి అడగలేదు కనుక చెప్పడం లేదు.