చెప్పుల స్టాండు మీద చల్లని మనసు

ఆఫీసులో ఆయన్ని అందరూ అన్నట్టుగారు అంటారు. చెప్పాల్సిన సంగతి చెప్పాల్సినప్పుడు ఏనాడూ గుర్తుకు రాదు. అందరూ లేచి వెళ్ళిపోతుంటే "అన్నట్టు..." అంటూ వెనకాల పరుగెత్తుతాడు.

అలాంటి మనిషి, మేనేజర్ వీడ్కోలు సభలో కాగితం లేకుండా మాట్లాడతానని ఇంట్లో ప్రకటించాడు.

"కాగితం ఉంటే కళ్ళజోడు మర్చిపోతారు. అదీ నిజమే లెండి," అంది భార్య.

"నీకు తెలీదే! లోకస్ అని లాటిన్ మాట ఒకటుంది. చోటు అని అర్థం. ఒకటైతే లోకస్, చాలా ఉంటే లోసై. ఇంట్లో ఒక్కో చోట ఒక్కో మాట పెట్టుకుంటాను. మనసులో ఇల్లంతా ఓసారి తిరిగితే చాలు, ఉపన్యాసం దానంతటదే వచ్చేస్తుంది."

"ఇన్నేళ్ళుగా ఇల్లంతా తిరుగుతున్నాను. నా చేతికి చీపురు తప్ప ఏమీ రాలేదే!"

ఆయనకి రోషం వచ్చింది. పందెం వేశాడు. తడబడకుండా మాట్లాడితే ఆవిడ జన్మలో "మర్చిపోయారా?" అనకూడదు. తడబడితే అంట్లన్నీ ఆయనే తోమాలి.

గుమ్మం పక్క చెప్పుల స్టాండు మీద మేనేజర్‌గారి వినయం పెట్టాడు. హాల్లో ఫ్రిజ్‌లో చల్లని మనసు. పడగ్గది బీరువాలో గాంభీర్యం. ఇక పొద్దస్తమానం ఇల్లంతా ప్రదక్షిణలే. ఫ్రిజ్ తలుపు పట్టుకుని "అయ్యా, తమరి చల్లని మనసు!" అని గద్గదంగా అంటుంటే పాలు పోయడానికొచ్చినవాడు జడుసుకున్నాడు.

"వంటింట్లో ఏమీ పెట్టలేదేం?" అంది భార్య.

"అక్కడికి నేనెప్పుడెళ్ళాను? తెలియని చోట పెడితే దారి తప్పిపోనూ!"

సభ రోజు సాయంత్రం బట్టలు మార్చుకుందామని ఇంటికొచ్చి, గుమ్మంలోనే బీరువాకి తల గుద్దుకున్నాడు. ఫ్రిజ్ ఉండాల్సిన చోట చెప్పుల స్టాండు. ఫ్రిజ్ పడగ్గదిలో.

"ఇదేంటే!"

"దుమ్ము దులిపానండీ. మేనేజర్‌గారి గాంభీర్యం వెనకాల అన్నీ బొద్దింకలే!"

"నా ఉపన్యాసం ఏం కాను?"

"సామాన్లు జరపకూడదని పందెంలో అనుకోలేదుగా," అంది ఆవిడ, అమాయకంగా.

వేదికెక్కి కళ్ళు మూసుకున్నాడు. మనసులో ఇంట్లోకి అడుగుపెడితే బీరువా అడ్డం. ఎలాగో సందులోంచి దూరి ఫ్రిజ్ కోసం వెతికాడు. చెప్పులు కనిపించాయి.

"మన మేనేజర్‌గారి చల్లని... చెప్పులు... ఎప్పటికీ మన నెత్తిమీద ఉండాలని..."

సభ ఘొల్లుమంది. మేనేజర్ వంగి తన కాళ్ళకేసి చూసుకున్నాడు. అన్నట్టుగారికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు ఆయన వెంట సభకొచ్చిన భార్య రెండో వరసలోంచి లేచి, వచ్చి మైకందుకుంది. వినయం నుంచి గాంభీర్యం దాకా ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పింది. రోజూ ఆ ఘోష విన్నది ఆవిడేగా! మేనేజర్ కళ్ళు తుడుచుకుని, "అమ్మా, మా ఆఫీసులో ఉద్యోగం మీరు చేయాల్సింది," అన్నాడు.

ఇంటికొచ్చాక ఆయన నసిగాడు. "పోన్లే, బాగానే కాపాడావు. ఇంతకీ పందెం..."

"మర్చిపోయారా?" అంటూ ఆవిడ వంటింట్లోకి దారి తీసింది. అంట్లతో పొంగిపొర్లుతున్న సింకు చూపించింది. "మీకిక అన్ని లోసై ఎందుకండీ? ఈ ఒక్క లోకస్ చాలు."

ఆయన చొక్కా చేతులు మడిచాడు, కుళాయి తిప్పాడు. ఆవిడ అప్పుడే గుమ్మం దాటుతోంది.

"అన్నట్టు... సబ్బు ఏ చోట ఉంటుందే?"