వంతెన కింద, ఆరో స్తంభం

ఈ నగరంలో ఇకపై ఇల్లు లేనివారు ఉండరాదని నగర పాలక మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఈ సంగతి ఇల్లు లేనివారికి తెలియజేయాలని కూడా అనుకున్నారు గానీ, ఏ చిరునామాకు రాయాలో తేలక ఊరుకున్నారు.) తీర్మానం అమలుకు నిరాశ్రయ నిర్మూలన విభాగం వెలిసింది. నలభై మంచాలతో, ఉతికిన దుప్పట్లతో వసతి భవనమూ కట్టారు. అందులోకి అనర్హులు చొరబడకుండా చూడటమే ఇక మిగిలిన పని.

వంతెన కింద ఆరో స్తంభం దగ్గర మకాం ఉండే సానపట్టే మనిషికి ఈ వార్త వినగానే ప్రాణం లేచొచ్చింది. వీధి వీధీ తిరిగి కత్తులకూ కత్తెరలకూ పదును పెడుతూ అక్కను సాకుతున్నాడు. అక్కకు ఛాతీలో నెమ్ము చేరింది. వానలు మొదలయ్యేలోగా ఆమెను పొడిగా ఉండే గదిలోకి చేర్చకపోతే తన చేతుల్లో ఏమీ లేదని డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

తమ్ముడు దరఖాస్తు పెట్టాడు. నిబంధన ప్రకారం ధ్రువీకరణాధికారి మూడుసార్లు వచ్చి, ఇల్లు లేకపోవడాన్ని కళ్ళారా చూడాలి. ఆయన మొదటిసారి వచ్చిన రోజు అక్కాతమ్ముళ్ళు ఆస్పత్రిలో ఉన్నారు. ‘తలుపు తాళం’ అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఏ తలుపండీ అని తమ్ముడు ఆఫీసుకెళ్ళి లబలబలాడితే, ఫారంలో ‘ఉన్నారు’, ‘తలుపు తాళం’ అని రెండే గళ్ళున్నాయని ఎంతో ఓపిగ్గా వివరించాడు. (మూడో గడి కోసం ఫైలు కదిలింది. ఎటు కదిలిందో తెలియదు.)

దాంతో సానపట్టే మనిషి పనికి నీళ్ళొదిలి స్తంభాన్ని అంటిపెట్టుకుని కూర్చున్నాడు. సానరాయి తిరక్కపోతే నాలుగు వేళ్ళు నోట్లోకి ఎలా వెళ్తాయని అక్క సణిగింది. అయినా అధికారి మళ్ళీ వచ్చిన రెండుసార్లూ దగ్గు ఆపుకుని చోటంతా ఊడ్చింది, చాప పరిచింది, మంచినీళ్ళిచ్చింది. మర్యాదస్తురాలు మరి, అదే కొంప ముంచింది. ఆయన మెచ్చుకుని, ఏదో రాసుకుని వెళ్ళాడు.

పది రోజులకు పోస్టులో ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారు ఒకే చోట స్థిరంగా నివసిస్తున్నట్టు, బయటికి వెళ్ళేటప్పుడు తాళం వేసుకుంటున్నట్టు, వచ్చినవారిని ఆదరిస్తున్నట్టు రుజువైనందున అతడు ఇల్లు గలవాడని నిర్ణయించడమైనది. తమ్ముడు ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు.

“ఉత్తరం అందిందా?” అన్నాడు అధికారి.

“అందిందండీ.”

“మరి ఇల్లు లేదంటావేమయ్యా?”

అధికారి మరీ రాతిగుండె మనిషేం కాదు. ఏడాదిపాటు రోజుకో చోట పడుకుంటే అప్పుడు చూద్దామని గొంతు తగ్గించి ఉపాయం కూడా చెప్పాడు. అక్క అడుగు తీసి అడుగు వేయలేకపోతోందంటే, అలాంటివాళ్ళు ఇంటిపట్టున ఉండటమే మంచిదన్నాడు.

ఆ వారమే వాన పట్టుకుంది. స్తంభం దగ్గర మోకాలిలోతు నీళ్ళు. ఊపిరందక అక్క రొప్పుతుంటే తమ్ముడికి ఏడుపొచ్చింది. ఆమెను వీపున వేసుకుని వసతి భవనం వసారాలోకి చేర్చాడు. తలుపు దగ్గరి కాపలావాడు అర్హత పత్రం అడిగి, లేదనగానే అడ్డంగా నిలబడ్డాడు.

అదే సమయానికి లోపల తనిఖీ సంఘం తిరుగుతోంది, వెంట మన అధికారి. నలభై మంచాలూ ఖాళీగా, దుప్పట్ల మడత నలగకుండా ఉండటం చూసి సంఘం అధ్యక్షుడు పొంగిపోయాడు. నగరంలో ఇల్లు లేనివాళ్ళు ఒక్కరూ మిగల్లేదన్నమాట. బయటికి వస్తూ, వసారాలో తడిసి ముద్దయి వణుకుతున్న ఇద్దరినీ చూసి, ఎవరు వీళ్ళని అడిగాడు.

అధికారి ఆయనకు వినయంగా గొడుగు పట్టాడు.

“దారినపోయేవాళ్ళండీ. వాన తగ్గగానే ఇంటికి వెళ్ళిపోతారు.”