పక్షపాతాల స్టాండు

జిల్లా ఇంజనీరింగు కార్యాలయంలో టెండర్లకు మార్కులు వేసే అధికారులు తమ పక్షపాతాన్ని గుమ్మం పక్కనున్న కౌంటరులో అప్పగించి, టోకెను తీసుకుని లోపలికి వెళ్ళాలి. గుడి ముందు చెప్పుల స్టాండు ఎలా నడుస్తుందో ఇదీ అలాగే నడుస్తుంది. ఎడమ డొక్క కింద చెయ్యి పెట్టి కొంచెం లాగితే అది వచ్చేస్తుంది. బెల్లం అచ్చంత ఉంటుంది, గోరువెచ్చగా ఉంటుంది. మొదట్లో మాకు సిగ్గేసేది. తర్వాత్తర్వాత వరుసలో నిలబడి ఒకరిది ఒకరం చూసుకుని, "మీది బాగా పెరిగిందండీ" అని పలకరించుకునేవాళ్ళం.

ఆ రోజు బాలికల ఉన్నత పాఠశాల పైకప్పు టెండరు. కమిటీలో నాతో పాటు ఇంజనీరు అప్పలసూరి ఉన్నాడు. ఆయన కూతురు హైమ ఆ బళ్ళోనే ఎనిమిదో తరగతి చదువుతోంది. ఈ సంగతి అధ్యక్షులు రామభద్రం గారి చెవిన పడింది.

"మీ అమ్మాయి అదే బళ్ళో ఉంది కదండీ. కప్పు కూలకూడదని మీకు లోపల ఎక్కడో ఉంటుంది. అదే సమస్య" అన్నారాయన, నొప్పించకుండా.

అప్పలసూరి తటపటాయించాడు కానీ, నిబంధన నిబంధనే. కౌంటరు చూసుకునే పైడమ్మ చెయ్యి చాపింది.

"తీసీండి బాబూ, నొప్పేటుండదు. పెద్ద బాబుగోరిది ఎంత నాగినా రానేదు. ఒగ్గీసినాం."

పెద్దబాబుగారు అంటే రామభద్రం గారే. రాని దాన్ని పక్షపాతం అనరాదనీ, అది సీనియారిటీ వల్ల గట్టిపడిన అనుభవం అనీ పై నుంచి వివరణ వచ్చింది. మాకూ అది సబబుగానే తోచింది. సబబు కాదనుకునే వీలున్నవన్నీ అప్పటికే స్టాండు అరల్లో ఉన్నాయి.

టెండరు వేసినవాళ్ళు ఇద్దరు. తవిటినాయుడు వేసిన కప్పులు కారవు. కోటిలింగం వేసినవి కారతాయి. ఈ సంగతి లోపల కూర్చున్న అప్పలసూరికీ తెలుసు, నాకూ తెలుసు. మా శాఖ వాళ్ళకి ఏమీ తెలియదని జనం అనుకోవడం అన్యాయం. మాకు తెలియనిది తక్కువ. కానీ కారే కప్పు కంటే కారని కప్పు మేలని అనుకోవాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి. అది బయట పైడమ్మ దగ్గరుంది. అందుకని ఇద్దరికీ సమానంగా మార్కులు వేశాం. ధరలూ దాదాపు ఒకటే. ఇక మిగిలింది అనుభవం. తవిటినాయుడు ఏ కప్పైనా ఒక్కసారే వేస్తాడు, మళ్ళీ ఆ భవనం మొహం చూడాల్సిన పని ఉండదు. కోటిలింగం ఇదే బడి కప్పు ఇప్పటికి నాలుగుసార్లు వేశాడు. ఆ కప్పు గురించి అతని కంటే తెలిసినవాడు జిల్లాలో లేడని రామభద్రం గారు అన్నారు. పని కోటిలింగానికి వెళ్ళింది.

అధికారులు పక్షపాతం చూపారని తవిటినాయుడు ఫిర్యాదు చేశాడు. విచారణాధికారి వచ్చి అరలు చూశారు, పైడమ్మను అడిగారు. మార్కులు వేసిన వేళకు మా పక్షపాతాలన్నీ స్టాండులోనే ఉన్నాయని తేలింది. పైగా అప్పలసూరిది బయటికి తీసి చూస్తే, అది తవిటినాయుడి కప్పు వైపే ఒరిగి ఉంది. అంత ప్రమాదకరమైన దాన్ని సకాలంలో బయట పెట్టించిన శాఖను ఫిర్యాదుదారు అభినందించాల్సిందని ఆయన రాశారు. తుది ఉత్తర్వులు వచ్చేదాకా దాన్ని సాక్ష్యంగా అరలోనే ఉంచి సీలు వేశారు.

అప్పలసూరి అది లేకుండానే ఇంటికి వెళ్ళాడు. బడికి కొత్త కప్పు పడింది. కొన్నాళ్ళకి హైమ వచ్చి చెప్పింది.

"నాన్నా, మా క్లాసులో పెచ్చు ఊడి పడింది. నా బెంచీ పక్కనే."

"ఆ పక్కన ఎవరు కూర్చుంటారు?"

"కుమారి. ఏడ్చేసింది."

"ఇద్దరి అభిప్రాయమూ తీసుకోవాలి" అన్నాడు అప్పలసూరి, అన్నం కలుపుకుంటూ.

మర్నాడు వాళ్ళమ్మ టోకెనిచ్చి హైమను కౌంటరు దగ్గరికి పంపింది. "మా నాన్నది ఇచ్చేయండి" అంది ఆ పిల్ల.

"అప్పగించినోలికే ఇయ్యాల పాపా. సీలేసీసినారు" అంది పైడమ్మ. పిల్ల కదల్లేదు. పైడమ్మకి జాలేసింది. "సూడ్డానికి మాత్రం రూలడ్డు నేదు. ఇలగొచ్చి సూసుకో."

హైమ జల్లెడ తలుపుకి మొహం ఆనించింది. లోపల అది కదిలింది. మెల్లగా జరిగి అర అంచుకి వచ్చి ఆగింది.

"సూసినావా, నిన్ను పోల్చుకుంది" అంది పైడమ్మ.

ఆ రోజు నుంచి హైమ బడి వదలగానే స్టాండు దగ్గర ఆగుతోంది. లెక్కల్లో ఎన్నొచ్చాయో, కుమారితో ఎందుకు పోట్లాడిందో దానికి చెబుతుంది. అది అంచుకి వచ్చి వింటుంది. ఆఫీసు పనికి ఆటంకం లేదు కనక మేమూ పట్టించుకోలేదు.

ముసురు పట్టిన ఒక పొద్దున్న ఆ పిల్ల సంచీతో సహా వచ్చి, "బడికెళ్ళనా?" అని అడిగింది. అది అర మూలకి పోయి వణకడం మొదలెట్టింది. హైమ వెనక్కి తిరిగి ఇంటికి పోయింది.

"బడి మానడానికి ఎవరి అనుమతి తీసుకున్నావు?" అని అడిగాడు అప్పలసూరి.

"నువ్వే వద్దన్నావు."

"నేనెప్పుడన్నాను?"

"ఇక్కడ కాదు నాన్నా. అక్కడ."

ఆ జవాబులో అప్పలసూరికి తప్పేమీ కనబడలేదు. సెలవు చీటీ మీద సంతకం పెట్టాడు.

తుది ఉత్తర్వులు వచ్చాయి. ఎవరూ తప్పు చేయలేదు. సీలు తీశారు. అప్పలసూరి టోకెను పట్టుకుని వెళ్ళాడు, నేనూ పక్కనే ఉన్నాను. పైడమ్మ తెచ్చి ముందు పెట్టింది. ఆయన దాన్ని కాసేపు చూశాడు.

"సోమవారం ఇంకో టెండరుంది కదా. మళ్ళీ తీసి ఇవ్వాలా?"

"ఇయ్యాల బాబూ."

"ఎందుకొచ్చిన తిప్పలు. ఇక్కడే ఉండనీ. పాప ఎలాగూ వస్తోంది."

నేనైతే నాది తీసుకోవడం ఎప్పుడో మానేశాను. మావాడు శనివారాలు వచ్చి చూసి పోతున్నాడట. మిగతావాళ్ళ పిల్లలూ రావడంతో సాయంత్రాలు కౌంటరు ముందు రద్దీ పెరిగింది. వాళ్ళు నిలబడేందుకు అక్కడ చిన్న షెడ్డు వేయించాలని నిర్ణయించి టెండరు పిలిచాం. ఎప్పటిలాగే అనుభవం కోటిలింగానికే ఎక్కువ ఉంది. సంతకం పెట్టమని కాగితం నా ముందుకి వచ్చింది. ఆ కప్పు కింద నిలబడేది మావాడేనని నాకు తెలుసు. అభ్యంతరం ఏమీ అనిపించలేదు. అనిపించేది రెండో వరుస అరలో ఉంది.