బాబీ బరువులో తరుగు

ఆ శనివారం పొద్దున అప్పలసూరి పెట్టుకున్న పనులు మూడే. ఏడింటికి సరుకు దింపించుకోవడం, ఎనిమిదింటికి మనవణ్ణి తూచడం, తొమ్మిదింటికి ఇడ్లీ తినడం. నరసన్నపేట మార్కెట్లో ముప్ఫై ఏళ్లుగా చేపలు తూస్తున్నవాడికి తొమ్మిది నెలల పిల్లవాడు రెండు నిమిషాల పని.

కాని ఆ తూకం మీద ఒక ఒప్పందం ఉంది. కోడలు అనితది శృంగవరపుకోట రైతుల ఇల్లు, ఉద్యోగం ఎచ్చెర్ల యూనివర్సిటీలో. ఆమె చేప, గుడ్డే కాదు, పాలూ పెరుగూ కూడా ముట్టదు. కొడుకు బాబీనీ అలాగే పెంచుతోంది. తన పాలు, రాగుల్ని మర పట్టిన చోడిపిండి జావ, పెసరపప్పు, నువ్వుల పొడి, డాక్టరు రాసిచ్చిన బి12 చుక్కలు, ఐరన్ చుక్కలు. కిందటి నెల అంగన్‌వాడీలో వాడు ఎనిమిది కిలోల వంద గ్రాములు తూగాడు.

"ఈ నెల నా కాటా మీద తూస్తాను. గ్రాము తగ్గినా మర్నాటి నుంచి సేప ఎట్టాల్సిందే" అన్నాడు అప్పలసూరి. అనిత ఒప్పుకుంది. ఒప్పుకున్న దగ్గర్నుంచి ఆమెకు సరిగ్గా నిద్ర లేదు.

ఎనిమిదింటికి బాబీని తెచ్చింది. చేపల టబ్బులో కూర్చోబెట్టడానికి మనసొప్పక, కాటా పళ్లేన్ని కడిగి, పల్చటి గుడ్డ పరిచి, దాని మీదే కూర్చోబెట్టింది. కాటాకి కొనేవాళ్ల వైపు అంకెలు ఎప్పుడో ఆరిపోయాయి. అప్పలసూరి ఒక పక్క వంజరం చేప బేరం చేస్తూనే, తన వైపు అంకె చూసి, మనసులో లెక్క కట్టాడు.

"ఏడున్నర."

"ఏటి మావయ్యా?"

"ఏడున్నరమ్మా. ఆరొందలు తగ్గిపోనాడు."

గెలిచినవాడి గొంతు కాదది. వంజరం బేరం కూడా మధ్యలో వదిలేసి భార్య దాలమ్మకు ఫోను చేశాడు. దాలమ్మ సముద్రం ఒడ్డున ఉన్న చెల్లెలు గున్నమ్మకు చేసింది. దాలమ్మ దగ్గర ఆరువందల గ్రాములున్న నష్టం గున్నమ్మ గడపలో కిలో అయింది. ఆమె ఎక్కిన ఆటో నరసన్నపేట చేరేసరికి కిలోన్నర.

పదకొండింటికి ఇల్లు నిండిపోయింది. అనితకు పాలు పడతాయని గున్నమ్మ గంపెడు పాలసొర చేపలు తెచ్చింది. పక్కవీధి రమేష్‌బాబు రెండు అట్టల గుడ్లు తెచ్చాడు. ఎదురింటి కూర్మమ్మ నాటుకోడిని చంకలో పెట్టుకుని వచ్చింది. చంక సడలగానే కోడి వంటింట్లో దూరి చోడిపిండి డబ్బా పడేసి, తిన్నంత తిన్నది. ఆ పిండిని తప్పు పట్టకుండా తిన్నది ఆ పూట అదొక్కటే.

"ఆకులూ గింజలూ తిని గుంటడు ఎలా పెరుగుతాడమ్మా?" అంది గున్నమ్మ.

అనిత బాబీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మాట ఇచ్చాను పిన్నీ, తప్పను. ఒక్కసారి కుసుమకుమారి గారిని తూచనీయండి."

అంగన్‌వాడీ టీచరు కుసుమకుమారి తన కాటాతో వచ్చింది. తూచింది. ఎనిమిది కిలోల నాలుగు వందలు.

"మీ కాటా తప్పు" అన్నాడు అప్పలసూరి.

"నా కాటాకి చేపల జబ్బు లేదండి" అందామె.

వ్యాపారికి కాటాను అనడం కంటే తండ్రిని అనడం నయం. అందరినీ దుకాణానికి నడిపించాడు. బాబీ మళ్లీ పళ్లెం ఎక్కాడు. అప్పలసూరి అంకె చూశాడు. "ఏడున్నరే."

నలభై ఏళ్లుగా చేపలమ్ముతున్న గున్నమ్మ కళ్లు చికిలించింది. "బావా, తరుగెంత తీసినావు?"

"రోజూ తీసిందే. టబ్బుకి అయిదొందలు, ఐసు నీళ్లకి నాలుగొందలు."

 కూర్మమ్మ చంకలోకి తిరిగొచ్చిన కోడి అందరికంటే ముందు ఏదో అంది.

"గుంటడికి ఐసెక్కడున్నాది బావా?" అంది గున్నమ్మ. "టబ్బేదీ?"

అప్పలసూరి పళ్లెం కేసి చూశాడు. గుడ్డ మీద బాబీ ఉన్నాడు, ఇంకేమీ లేదు. కాటా ఏ అంకె చూపినా తొమ్మిది వందలు తీసి చెప్పడం ముప్ఫై ఏళ్లుగా నోటికి అలవాటైపోయింది. తొమ్మిది వందలు తిరిగి కలిపాడు. మనవడు తగ్గలేదు. మూడు వందలు పెరిగాడు.

"పెరక్కేం చేస్తాడు?" అంది కుసుమకుమారి. "దాలమ్మగారు వారం వారం నా దగ్గరకి వస్తున్నారుగా."

అందరూ దాలమ్మ కేసి తిరిగారు. అనిత ముఖం పాలిపోయింది.

"సాటుగా సేపలెట్టినావేటే?" అన్నాడు అప్పలసూరి.

"సేపెందుకెడతాను?" అంది దాలమ్మ. "కోడలు గోడకంటించిన డాక్టరు కాయితం ఈ టీచరమ్మ సేత సదివించుకున్నాను. జావలోన వేరుశెనగలు మెత్తగా నూరి కలిపినాను. పప్పులోన తోటకూర మెదిపి నిమ్మకాయ పిండినాను. పిల్ల ఈ ముసిలోడి సేతిలో ఓడిపోతాదని నాకు బయిం."

"నాతో చెప్పొచ్చు కదత్తమ్మా."

"సెప్తే నీ మొకంలో తెలిసిపోతాది. మీ మావకి తెలిస్తే నేనెట్టిందానికి కూడా తరుగు తీసెత్తాడు."

అనిత నవ్వబోయి ఏడ్చింది. ఇంటిల్లిపాదీ తనకు ఎదురు పక్షమనే ఇన్నాళ్లూ లెక్క వేసుకుంది. తన లెక్కలోనూ తరుగు పడిందని అప్పుడు తెలిసింది. దాలమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మధ్యాహ్నం పెరట్లో పాలసొరలు ఉడికాయి. వచ్చినవాళ్లందరికీ అనిత ముఖం తిప్పుకోకుండా అన్నం వడ్డించింది. అప్పలసూరి తన పళ్లెం పక్కన పెట్టి, కోడి మిగిల్చిన పిండితో కాచిన జావ మనవడికి చెంచాతో తినిపించాడు. చివరి చెంచా తానే తిని, ఉప్పు లేదన్నాడు.

ఆ నెల నుంచి అప్పలసూరి దుకాణంలో తరుగు లేకుండా తూచే సరుకు ఒకటి ఉంది. అది అమ్మకానికి లేదు.