చూలైలో ఫించ్ దంపతుల జలక సమరము

స్వస్తి! అగ్నికర్తరీ ప్రచండాతపమునకు తారు రోడ్లు పాకమై చెప్పులను పట్టి లాగుచుండగా, కుళాయిలు నీటికి బదులు నిట్టూర్పులను విడుచుచుండగా, నీళ్ళ లారీ రాకకై ఎరుపు పసుపు నీలి ప్లాస్టిక్ బిందెలు చతురంగబలములవలె వీధి పొడవునా బారులు తీరియుండగా, వెయ్యిన్ని తొమ్మిదివందల తొంభై మూడవ సంవత్సరపు మే మాసమున, చెన్నపట్టణమందు, చూలై పేటలో, ఆరు కాపురములకు ఒక్క బోరుపంపు గల ఇంటి మూడవ వాటాయందు, రబ్బరు స్టాంపుల నిర్మాణ ధురంధరుడును, ఏకపుత్రికా వత్సలుడును, భార్యావాక్య పరిపాలనాదక్షుడును అగు జనార్దనుడను వీరుడు, బొటనవ్రేలెడు పిట్టలు రెంటికి స్నానము చేయింప నడుము బిగించెను.

ఆ వీరుడిని నేనే. వీరగాథలో ‘నేను’ అంటే బడాయిగా ఉంటుందని ‘అతడు’ అంటున్నాను. బడాయి పడవలసినంత పనేమీ జరగలేదని మీకే కాసేపట్లో తెలుస్తుంది.

ఆ పిట్టలు ఫించ్ దంపతులు. ఎన్నూరులో ఉండే లూర్దుమేరి, వీరపత్ని పంకజానికి చిన్ననాటి నేస్తం. ఆమె తన ఇంటి పిట్టల్లో ఒక జతను మా అమ్మాయి జననికి పదో పుట్టినరోజు కానుకగా ఇచ్చింది. జనని ఆ పంజరాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని, దారి పొడవునా వాటితో తమిళంలో కబుర్లు చెబుతూ తెచ్చింది. అయితే పిట్టలు ఒంటరిగా రాలేదు. ఎన్నూరు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాల బూడిదనంతటినీ రెక్కల్లో పెట్టుకుని వచ్చాయి. మగదానికి చెంపలు నారింజ రంగులో ఉంటాయని లూర్దుమేరి చెప్పింది గానీ, మాకు కనబడినంతవరకు రెండూ కుంపటిలో పొర్లి లేచినట్టే ఉన్నాయి.

గురువారం సాయంకాలమున, గృహసామ్రాజ్య పట్టమహిషి పంకజం, చేత చీపురు ధరించి శాసనము వెలువరించెను.

“ఏమండి, ఇల్లంతా కంపు కొడతా ఉండాది. ఆదివారం లోపల అవి నీళ్ళు పోసుకుంటే సరి. లేదంటే సాయంత్రం ఐదింటి బస్సుకు తిరిగి ఎన్నూరికే.”

జనని ఏడవలేదు. అందుకే నాకు భయం వేసింది. చాప తెచ్చి పంజరం పక్కన వేసుకుని, తీగల సందులో వేలు పెట్టి, “అప్పా, అవి పోయిడుమాప్పా?” అని, వెళ్ళిపోతాయా అన్నట్టు, మాత్రం అడిగింది.

అంతట వీరుడు మీసము దువ్వి, కుడికాలు ముక్కాలిపీటపై నిలిపి, మేఘగంభీర స్వరమున నిట్లనియె: “పుత్రీ! కులపర్వతములు కుంగినను, సముద్రములింకినను, మురుగు కూవం నది పన్నీటివలె గుబాళించినను, నా ప్రతిజ్ఞ తప్పదు! ఈ ఖగదంపతులను జలాభిషిక్తులను గావించి నీ చెంత నిలుపనేని, నా పేరి స్టాంపును నా చేతులతో నేనే విరిచివేయుదును!”

“అప్పా, తెలుగులో చెప్పుప్పా.”

“అవి ఎక్కడికీ పోవమ్మా. నేను చూసుకుంటా.”

మూలన కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్న వీరమాత వాసవాంబ యుద్ధముహూర్తం పెట్టింది. “ఆడదానికి శుక్రవారం, మొగదానికి శనివారం. దినం తప్పి తలకు పోసుకుంటే ఆయుస్సు తగ్గుతాదిరా.” పిట్టలకు కూడా వారాలు చూడాలా అని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

శుక్రవారం ప్రాతఃకాలమున వీరుడు కొట్టుకు సెలవు ప్రకటించి, జానెడు లోతు గల ప్లాస్టిక్ బేసిను నిండా బోరు నీరు నింపి, దానిని పంజరములోనికి దూర్చి, ఆడపిట్టను జలక్రీడకు ఆహ్వానించెను. అది ఒక్కమారు బేసినువైపు, ఒక్కమారు వీరుని మీసమువైపు చూసి, పంజరములో వ్రేలాడుచున్న చిట్టి మట్టికుండయనెడి దుర్గమున ప్రవేశించి మరి వెలికి రాలేదు. మగపిట్ట దుర్గద్వారమున కావలి నిలిచి “మీప్” అనెను. తొక్కితే కూసే రబ్బరు బొమ్మ ఒకటి అతణ్ణి తిట్టినట్టుంది. మిట్టమధ్యాహ్నమగుదాక వీరుడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చివరకు కదలిక వచ్చింది, కానీ అది అతని కాలికి పట్టిన తిమ్మిరి.

శనివారం మగపిట్ట వంతు. చెబితే వినని పిల్లలకు చేసి చూపించాలని పెద్దలు అంటారు గదా. అందుచేత వీరుడు పంజరాన్ని బోరుపంపు పక్కన బట్టల తీగకు తగిలించి, తుండు కట్టుకుని, తలకు నూనె దట్టంగా పట్టించుకుని, సీకాయ రుద్దుకుంటూ, పిట్ట ఎదుట నిలబడి ఘోషించెను: “ఓరీ విహంగమా! చూడుము! స్నానమనగా నిట్లు! శిరమున పోసుకొనిన తోయధార భుజములపై జారి, పాదములను చేరి—”

పక్క వాటాలో ఉండే కన్నియప్పన్ పళ్ళు తోముకోవడం ఆపి, చాలా దయగా అడిగాడు. “ఎన్న జనార్దనం, ఏదావదు వేండుదలా?”

మొక్కుబడి కాదని చెప్పడానికి వీరుడు కళ్ళు తెరిచెను. సీకాయ లోపలికి పోయెను. అటుపిమ్మట పావుగంట సేపు అతడు గుడ్డివాడై చెంబు కోసం గోడలు తడుముచుండగా, మగపిట్ట ఈకలు ఉబ్బించుకుని హాయిగా కునుకు తీసినదట. ఈ సంగతి కన్నియప్పన్ చెప్పగా తెలిసింది.

క్రోధారుణనేత్రుడై (సగం క్రోధం, సగం సీకాయ) వీరుడు బీరువా తెరిచి, తన వివాహమున అతిథులపై పన్నీరు చిలకరించిన వెండి పన్నీరుబుడ్డిని బయటికి తీసి, నీరు నింపి, గురిపెట్టి ప్రయోగించెను. తొలి తుంపర తగలగానే పిట్ట కెవ్వున ఎగిరి తీగలకు కొట్టుకుంది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ కొట్టుకుంది. చిన్న ఈక ఒకటి రాలి కింద పడింది.

“వదిలేయిప్పా! అదు భయపడుదుప్పా!” అంటూ జనని అతని చేయి పట్టుకుని లాగింది.

అప్పుడు మాత్రం నాకు నిజంగా సిగ్గేసింది. గుప్పిట్లో ఇమిడే ప్రాణం మీద ఇంత మనిషి యుద్ధం ప్రకటించాడు. గెలిచినా ఓడినట్టే, ఓడితే బిడ్డకు ముఖం చూపించలేడు. బుడ్డిని బీరువాలో దాచేసి ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాను. జనని అసలు అన్నానికి కూర్చోనేలేదు.

ఆదివారం పది గంటలకు నీళ్ళ లారీ వచ్చెను. వీరుడు ఆ తోపులాటలో రెండు మోచేతిపోట్లును, ఒక కాలిబొటనవేలి తొక్కుడును సహించి, ఒక బిందె మంచినీళ్ళు జయించి, భుజమునకెత్తుకొని గడప దాటుచుండగా, పంజరంలో కొర్రలు పోస్తున్న వాసవాంబ కేకేసింది.

“ఒరే జనా! ఆడపిట్ట నీళ్ళోసుకునుండాదిరా!”

ఆహా! దుందుభులు మ్రోగెను! పుష్పవృష్టి కురిసెను! నిజానికి కురిసింది బిందెలోని నీళ్ళు. వీరుడు హర్షపులకిత గాత్రుడై బిందెను దించక మునుపే రెండు చేతులూ పైకెత్తినందున సగం నీళ్ళు గడప పాలయ్యాయి. అది లెక్కచేయక అతడు నడివాకిట నిలిచి, ఆరు వాటాలకు వినబడునట్లు, “నీళ్ళోసుకుంది! మా పిట్ట నీళ్ళోసుకుంది!” అని జయఘోష చేసెను. తెలుగు తెలిసిన వాటాలవాళ్ళు నవ్వుకున్నారు. తెలియని కన్నియప్పన్ చేయి కలిపి అభినందించాడు.

పంకజం వచ్చి పంజరంలోకి తొంగిచూసింది. “ఏడ పోసుకునింది? ఒక్క ఈకన్నా తడిసిందా? బిందెడు నీళ్ళు ఒలకబోసి అబద్ధాలు కూడానా?”

“అమ్మే చెప్పింది!”

“నేను చెప్పింది ఆ నీళ్ళు కాదురా పిచ్చోడా,” అంది వాసవాంబ నెత్తి కొట్టుకుంటూ. “అది కడుపుతో ఉండాదని చెప్తే, నువ్వు వీధంతా చాటుతావా? గుడ్లు కూడా పెట్టేసింది. కుండలో చూడు.”

మన భాషలో ఒళ్ళు తడుపుకున్నా నీళ్ళోసుకోవడమే, కడుపు పండినా నీళ్ళోసుకోవడమే. మూడు రోజులుగా స్నానం తప్ప మరో ధ్యాస లేని నాకు రెండో అర్థం తట్టనే లేదు. పేట పేరులోనే చూలు పెట్టుకుని, ఇంట్లో చూలాలిని గుర్తుపట్టలేకపోయాను. కుండలో చింతగింజలంత తెల్లని గుడ్లు నాలుగున్నాయి. వాటిమీద కూర్చున్న ఆ తల్లిని నేను ఒక పూటంతా బయటికి రమ్మని పీడించాను.

ఐదింటి బస్సు అందరికీ గుర్తుంది. జనని పంజరం కొక్కేన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

వాసవాంబే మెల్లగా అంది. “నీళ్ళోసుకున్నదాన్ని ఏరు దాటించకూడదే పంకజా. ఎన్నూరికి పోవాలంటే ఎన్ని కాలవలు దాటాల?”

“జనని కడుపులో ఉన్నప్పుడు, నది అడ్డమొస్తాదని మా చెల్లెలి పెండ్లికే పోనీలేదు మీరు.”

“అందుకే గదా చెప్తా ఉండా. మనిషికి ఒక న్యాయం, పిట్టకు ఒక న్యాయమా?”

పంకజం కాసేపు ఆ కుండవైపు చూసింది. పదేళ్ళ కిందటి కోపం ఆమె ముఖంలో ఒక్కసారి మెరిసింది, మళ్ళీ ఎటో పోయింది. “సరే. పిల్లలు ఎగిరేదాకా ఈడే ఉండనీ.” లోపలికి పోయి, జననికి పసితనంలో పాలు పట్టిన వెండి ఉగ్గుగిన్నె తెచ్చి, బిందెలో మిగిలిన మంచినీళ్ళు అందులో పోసి పంజరంలో పెట్టింది. “ఇంత పిట్టకు అంత బేసినా? ఈత రాని మీరు మెరీనాలో దిగతారా ఏమి?”

మూడు దినముల మహాసంగ్రామమున వీరునికి తోచని యుద్ధనీతి అది. వ్రేలి కణుపంత లోతు!

అప్పుడు, సభాసదులు చూచుచుండగనే, మగపిట్ట దుర్గద్వారము విడిచి, ఉగ్గుగిన్నె అంచున వ్రాలి, అటునిటు చూచి, ఒక్క గెంతున దిగి, ముక్కు ముంచి, రెక్కలు టపటప కొట్టెను! బూడిద నల్లని ధారగా కారెను. చెంపపై నారింజరంగు, దీపం వెలిగించినట్టు బయటపడెను. జనని కొక్కేన్ని వదిలి చప్పట్లు కొట్టింది, అప్పుడు ఏడ్చింది కూడా.

“ఆదివారమే! శనివారం గాదే!” అని వాసవాంబ విలవిలలాడెను.

ఓ చూలై వాసులారా, వినుడు! రెండు పిట్టలలో ఒకటి, అదియును సగము వరకు, అదియును వీరుని ప్రమేయమేమియు లేకయే, జలకమాడెను! ఆ రెక్కల తాకిడికి లేచిన నీటిలో మూడు బొట్లు వచ్చి వీరుని ముక్కుపై వ్రాలెను. ఇదియే అతని పట్టాభిషేకము.

ఈ గాథను భక్తితో ఆలకించువారి ఇంట పక్షులు శుభ్రముగా నుండును, బిందెలు ఒలకకుండును, తల్లి చెప్పిన మాట మొదటిసారికే బోధపడును. నాకు ఆ మూడో ఫలం ఇంకా దక్కలేదు. కానీ సాయంత్రం ఐదింటికి బస్సు పోయిన చప్పుడు వీధి చివర వినిపించినప్పుడు, జనని పంజరం పక్కన చాప మీద అన్నం తింటోంది. ఆ మూడు బొట్లు పడ్డ ముక్కును నేను అప్పటికీ తుడుచుకోలేదు.